వక్కపలుకు, ఊపిరి దారి



ఈ ఏడాది వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం కావాలని హాస్టల్ కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేశారు. ఏ విషయం మీద రాయాలని అడిగితే, "మీ ఇష్టం అన్నా, కానీ మాకు పనికొచ్చేది రాయండి" అన్నారు. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మందుల కిటికీ దగ్గర నిలబడితే చాలా సంగతులు కనిపిస్తాయి. వాటిలో ఒకటి నన్ను ఎప్పటినుంచో తొలుస్తోంది. ఉబ్బసానికి ఇన్‌హేలరు తీసుకున్న మనిషి, మెట్లు దిగకముందే జేబులోంచి వక్కపొడి పొట్లం తీసి నోట్లో పోసుకుంటాడు. చేతిలోని మందూ నోట్లోని వక్కా ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. పొగాకు చెడ్డదని అందరం చెబుతాం. వక్క దగ్గరికి వచ్చేసరికి "అది శుభకార్యాల్లో ఇచ్చేదే కదా" అని ఊరుకుంటాం.

నిజమే, తాంబూలం లేకుండా మన ఇళ్ళలో ఏ శుభకార్యమూ జరగదు. పేరంటానికి పిలిస్తే ఆకు వక్క, పెళ్ళి కుదిరితే తాంబూలాలు పుచ్చుకోవడం, పెద్దలకు దక్షిణ ఇవ్వాలన్నా ఆకులో పెట్టి ఇవ్వడం. తాంబూలం ఇచ్చారంటే మాట ఇచ్చినట్టే. ఆ సంప్రదాయాన్ని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పళ్ళెంలో పెట్టి ఇచ్చే వక్క వేరు, రోజుకు పది పొట్లాలు నమిలే వక్క వేరు.

ఆకు వేరు, వక్క వేరు

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. ఇంగ్లీషులో వక్కను తమలపాకు పేరుతో కలిపి పిలవడం వల్ల రెండూ ఒకే మొక్కవని చాలామంది అనుకుంటారు. తమలపాకు మిరియాల కుటుంబానికి చెందిన తీగ, శాస్త్రీయ నామం పైపర్ బీటిల్. మన గుంటూరు జిల్లా పొన్నూరు వైపు ఈ తోటలు పేరుపొందాయి. వక్క మాత్రం కొబ్బరి, తాడి చెట్ల చుట్టం. పోక చెట్టు అంటాం, శాస్త్రీయ నామం అరెకా కటేచు. ప్రపంచంలో వక్క ఎక్కువగా పండించే దేశం మనదే, అందులోనూ కర్ణాటకది మొదటి స్థానం. కిళ్ళీలో పూసే కాచు ఈ రెండింటిదీ కాదు, చండ్ర చెట్టు చేవ నుంచి తీసేది. సున్నం సంగతి తెలిసిందే. నమిలినప్పుడు వచ్చే ఎరుపు రంగు వీటిలో ఏ ఒక్కదాని సొంతమూ కాదు. వక్కలో, కాచులో ఉండే వగరు పదార్థాలు సున్నపు క్షారంతో కలిసినప్పుడే నోరు పండుతుంది.

దగ్గుకు తమలపాకు రసంలో తేనె కలిపి ఇచ్చే అలవాటు మన ఇళ్ళలో ఉంది. దాన్ని చూపించి "కిళ్ళీ దగ్గుకు మంచిదే" అని వాదించేవాళ్ళు ఉన్నారు. ఆకు గురించిన మాటను తీసుకెళ్ళి వక్కకు అతికించడం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1985లోనే పొగాకు కలిపిన కిళ్ళీని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. 2003లో నిపుణులు మళ్ళీ కూర్చుని, పొగాకు లేని కిళ్ళీని, ఉత్త వక్కను కూడా అదే మొదటి తరగతిలో పెట్టారు. ఆ సంపుటం 2004లో వెలువడింది. ఆ జాబితాలో వక్క ఉంది, విడిగా తమలపాకు లేదు. "నేను పొగాకు వేసుకోను, ఉత్త వక్కే" అనే సమాధానానికి విలువ లేకుండా పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

నోటి క్యాన్సర్ లెక్కలు ఒక్క మాటలో చెప్పి అసలు విషయానికి వెళతాను. 2022లో ప్రపంచం మొత్తం మీద వచ్చిన సుమారు 3,89,800 నోటి క్యాన్సర్లలో 1,20,200 నమిలే పొగాకు వల్ల, వక్క వల్ల వచ్చినవేనని అదే సంస్థ పరిశోధకులు 2024లో అంచనా వేశారు. వాటిలో 83,400 మన దేశంలోనివి.

ఊపిరికి, వక్కకు ఏమిటి సంబంధం?

నమిలేది నోటితో, మింగేది కడుపులోకి, మరి ఊపిరితిత్తులకేమిటి అన్న ప్రశ్న సహజమే. పదో తరగతి జీవశాస్త్రంలో శ్వాసక్రియ, నాడీ వ్యవస్థ పాఠాలు రెండూ చదివినవారికి జవాబు సులువుగా అర్థమవుతుంది.

గాలి ముక్కులోంచి స్వరపేటిక దాటి వాయునాళంలోకి, అక్కడినుంచి రెండు శ్వాసనాళాల్లోకి, వాటి కొమ్మలైన శ్వాసనాళికల్లోకి, చివరకు వాయుగోణుల్లోకి వెళుతుంది. శ్వాసనాళికల గోడల్లో నునుపు కండరం ఉంటుంది. అది బిగిస్తే దారి ఇరుకవుతుంది, వదిలితే వెడల్పవుతుంది. మన ఇష్టంతో పనిలేకుండా దాన్ని బిగించే ఉత్తర్వు సహానుభూత పర నాడీ వ్యవస్థ నుంచి, అంటే వేగస్ నాడి ద్వారా వస్తుంది. ఆ ఉత్తర్వును మోసుకొచ్చే రసాయనం ఎసిటైల్ కోలిన్. కండరం మీద దానికోసమే ఉన్న గ్రాహకాల్లో అది తాళంచెవిలా అమరుతుంది, కండరం బిగుసుకుంటుంది.

ఇప్పుడు వక్కలోకి వద్దాం. వక్కలో నాలుగు ముఖ్యమైన ఆల్కలాయిడ్లు ఉన్నాయి: అరెకోలిన్, అరెకైడిన్, గువాకోలిన్, గువాసిన్. అన్నిటికన్నా ముఖ్యమైనది అరెకోలిన్. ఇది ఎసిటైల్ కోలిన్ తాళానికి సరిపోయే దొంగ తాళంచెవి. నాడి ఏ ఉత్తర్వూ పంపకపోయినా ఇది వెళ్ళి తాళం తిప్పేస్తుంది. వక్క వేసుకోగానే నోట్లో నీళ్ళు ఊరడం, కొత్తవాళ్ళకు చెమట పట్టడం, తల తిరగడం, ఒళ్ళు వెచ్చబడటం ఈ మాయ వల్లే. "వక్క పట్టింది" అని మన పెద్దలు అనేది దీన్నే. సున్నం కలిపితే నోరు క్షారగుణం పొంది, ఈ పదార్థాలు బుగ్గ లోపలి పొరగుండా త్వరగా రక్తంలోకి చేరతాయి. అరెకోలిన్ బలం ఎంతటిదంటే, కుక్కల కడుపులోని బద్దెపురుగులను బయటికి పంపడానికి దాని లవణాన్ని పశువైద్యులు ఒకప్పుడు మందుగా వాడేవారు.

రక్తంలోకి వెళ్ళిన అరెకోలిన్ లాలాజల గ్రంథుల దగ్గరే ఆగదు, శ్వాసనాళికల కండరం దగ్గరికీ వెళుతుంది. మామూలు మనిషికి దీని ప్రభావం పెద్దగా తెలియకపోవచ్చు. కానీ ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళికలు మొదటినుంచీ వాపుతో, చిన్న కారణానికే బిగిసే స్వభావంతో ఉంటాయి. దుమ్ముకు, చలిగాలికి, అగరొత్తుల పొగకు బిగుసుకునే గొట్టానికి ఈ దొంగ తాళంచెవి కూడా తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ భౌతికశాస్త్రం కూడా కొంచెం కావాలి. సన్నని గొట్టంలో సాఫీగా సాగే ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం, వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే నిరోధం రెండింతలు కాదు, పదహారు రెట్లవుతుంది. ఉబ్బసం మనిషి పిల్లికూతలతో ఒక్కొక్క ఊపిరిని ఎందుకు తోడుకోవలసి వస్తుందో ఈ ఒక్క సూత్రం చెబుతుంది. మా రోజుల్లో ఈ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాం. అది పక్క మంచం మీది మిత్రుడి గురించి చెబుతోందని ఎవరికీ తట్టలేదు.

ఇది ఊహ మాత్రమే కాదు. వక్కను బువాయ్ అని పిలిచి, సున్నంతో, ఆవాల కాడలా కనిపించే ఒక మిరియాల జాతి కాయతో కలిపి నమిలే దేశం పపువా న్యూగినీ. అక్కడ పిల్లల నుంచి పెద్దల దాకా నములుతారు. వక్క నమలడం ఉబ్బసాన్ని ఎక్కువ చేయవచ్చని 1991లో అక్కడి వైద్య పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మరుసటి ఏడాది, 1992లో, ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో బ్రిటన్ వైద్యుల పరిశోధన అచ్చయింది. అరెకోలిన్‌ను పీల్పించి చూస్తే ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువమందికి శ్వాసనాళికలు బిగుసుకున్నాయి, ఆరోగ్యవంతుల్లో అంతగా కాలేదు. ఉబ్బసం ఉన్న కొద్దిమంది చేత వక్క నమిలించి ఊపిరి కొలిచినప్పుడు కూడా కొందరిలో శ్వాస సామర్థ్యం తగ్గింది. పరీక్షించినవారి సంఖ్య చిన్నదే. అందరికీ ఒకేలా జరగదు కూడా. అందుకే "నాకేం కాలేదు" అని పక్కవాడు చెప్పిన మాట మీకు హామీ కాదు.

ఇక ఇన్‌హేలరు సంగతి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ వేరే దారిలో వెళ్ళి కండరాన్ని వదులు చేస్తుంది. ఇప్రాట్రోపియం అనే ఇంకో మందు సరిగ్గా మనం పైన చెప్పుకున్న తాళంలోనే అడ్డంగా కూర్చుని, ఎసిటైల్ కోలిన్‌ను లోపలికి రానివ్వదు. అంటే డాక్టరు తాళానికి అడ్డం పెడుతుంటే, రోగి నోట్లోంచి దొంగ తాళంచెవులు పంపుతున్నాడన్నమాట. మా దగ్గరికి వచ్చే ఒక లారీ డ్రైవరు "మందు పనిచేయడం లేదు సార్, మార్చండి" అని మూడు నెలలు తిరిగాడు. వక్కపొడి ఎన్ని పొట్లాలని అడిగితే "అది తిండి కాదు కదా సార్, లెక్కెందుకు" అన్నాడు. రాత్రంతా బండి నడపాలంటే నిద్ర రాకూడదు, నిద్ర రాకూడదంటే నోట్లో ఏదో ఒకటి ఉండాలి. అతన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మనలో చాలామంది తల్లిదండ్రులు వక్కకు, పొగాకుకు అలవాటుపడింది సరదాకి కాదు. కలుపు తీసే చోట, ఇటుక బట్టీల దగ్గర, మధ్యాహ్నం అన్నం ఆలస్యమైనప్పుడు ఆకలిని నొక్కిపెట్టడానికి మొదలుపెట్టి ఉంటారు. ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళతో మాట్లాడేవారు ఈ సంగతి మరచిపోకూడదని నా మనవి.

మూడు వేళ్ళ పరీక్ష

వక్క చేసే ఇంకో పని నోటికి సంబంధించినదిలా కనిపిస్తుంది, కానీ చివరకు ఊపిరి దగ్గరికే వచ్చి ఆగుతుంది. తరచూ వక్క నమిలేవారిలో బుగ్గల లోపలి మెత్తని పొర కింద పీచు పేరుకుపోయి గట్టిపడుతుంది. వైద్యులు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన భారతీయ స్త్రీలలో గమనించి 1952లో తొలిసారి దీని గురించి రాశారు. తరువాత మన దేశంలో ఎక్కడ చూసినా ఇదే కనిపించింది. మొదట్లో కారం తగిలితే నోరు మండుతుంది. మెస్‌లో అందరూ ఇష్టంగా తినే పచ్చడి ఒక్కరికే మంట పుట్టిస్తోందంటే అనుమానించవలసిందే. తరువాత బుగ్గలు తెల్లబారి, అట్టముక్కలా బిగుసుకుని, నోరు తెరుచుకోవడం తగ్గుతుంది.

మీ మూడు వేళ్ళు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు, ఒకదానిమీద ఒకటి నిలువుగా పై పళ్ళకు కింది పళ్ళకు మధ్య పెట్టి చూడండి. సాధారణంగా పడతాయి. రెండే పడుతున్నాయంటే, వక్క లేదా గుట్కా అలవాటు ఉందంటే, ఆలస్యం చేయకుండా దంతవైద్యుడికి చూపించాలి. అలవాటు మానినా పేరుకున్న పీచు పూర్తిగా కరిగిపోదు, అందుకే తొందరగా పట్టుకోవడం ముఖ్యం. కేరళలో ఇటువంటి రోగులను 17 ఏళ్ళపాటు గమనించగా 7.6 శాతం మందికి క్యాన్సర్ వచ్చినట్టు 1985లో ప్రచురించారు.

మరి ఊపిరికేమిటి సంబంధం అంటారా? ఏ ప్రమాదంలోనో దెబ్బ తగిలి, ఏ అపెండిక్స్ ఆపరేషన్‌కో మత్తు ఇవ్వవలసి వస్తే, మత్తు డాక్టరు నోటిగుండా గొట్టం వేసి ఊపిరి అందించాలి. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోకపోతే ఆ గొట్టం ఎలా వెళుతుంది? ముక్కుగుండా ప్రత్యేక పరికరంతో వేయవలసి వస్తుంది. అది అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. పొట్లం కొన్నప్పుడు ఎవరూ ఈ ఖర్చు లెక్క వేసుకోరు.

బుగ్గలో వక్కతో నిద్ర

ఇది మన హాస్టల్ పిల్లలకు ముఖ్యంగా చెప్పవలసిన విషయం. వక్కపలుకును బుగ్గన పెట్టుకుని అలాగే నిద్రపోయే అలవాటు కొందరికి ఉంటుంది. మెలకువగా ఉన్నప్పుడు మింగే ప్రతిసారీ ఉపజిహ్విక వాయునాళానికి మూతపెడుతుంది. నిద్రలో ఈ కాపలా అంత చురుకుగా ఉండదు. నవ్వుతూ, పరిగెడుతూ నమిలినా అంతే. గట్టి పలుకు జారి వాయునాళంలో పడితే, ఎక్కువగా కుడి శ్వాసనాళంలోకి వెళుతుంది. ఎందుకంటే ఎడమ దానికన్నా అది వెడల్పుగా, నిటారుగా ఉంటుంది. శ్వాసనాళాల్లోంచి వైద్యులు బయటికి తీసిన వస్తువుల్లో పిల్లల్లో వేరుశనగ గింజ, పెద్దల్లో వక్క ముక్క తరచుగా కనిపిస్తాయి. ఎక్స్‌రేలో నాణెం కనిపించినట్టు వక్క కనిపించదు. అందుకని నెలల తరబడి దగ్గు మందులు తాగి, న్యుమోనియా అనుకుని, చివరకు బ్రాంకోస్కోపు వేశాక అసలు సంగతి బయటపడినవారు ఉన్నారు. ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, తరువాత దగ్గు ఆగకుండా ఉంటే, వక్క నములుతుండగా జరిగిందని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

అప్పటికప్పుడు గొంతులో అడ్డం పడితే ఏం చేయాలి? మనిషి గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, దగ్గును మించిన మందు లేదు. మాట రాక, దగ్గలేక, గొంతు పట్టుకుని కళ్ళు తేలేస్తుంటే ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు గట్టి దెబ్బలు వేయాలి. రాకపోతే వెనుకనుంచి రెండు చేతులూ చుట్టి, బొడ్డుకు పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇవి మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. నోట్లో కనిపించని ముక్క కోసం వేలు పెట్టి గుడ్డిగా వెతికితే ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. వార్డెన్ గారు ఒప్పుకుంటే ఆరోగ్య సిబ్బందిని పిలిపించి ఒక ఆదివారం అందరూ దీన్ని నేర్చుకోవచ్చు.

ఎర్ర ఉమ్మి వెనుక

ఉమ్మి వల్ల క్షయ అంటుకుంటుందని మనం గోడల మీద చదువుతాం. కచ్చితంగా చెప్పాలంటే, క్షయ ముఖ్యంగా దగ్గు, తుమ్ము, మాటల తుంపరలలోని క్రిములు గాలిలో తేలి, వాటిని మరొకరు పీల్చడం వల్ల వ్యాపిస్తుంది. ఎక్కడపడితే అక్కడ ఉమ్మడం మాత్రం ఏ కారణం చేతనైనా మానవలసిందే. పపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో 2013లో వక్క అమ్మకాన్ని నిషేధించినప్పుడు చెత్తతో పాటు ఉమ్ములనూ, క్షయ భయాన్నీ కారణాలుగా చూపారు. కొన్నేళ్ళకు దాన్ని సడలించారు.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది వేరే. కిళ్ళీ నమిలేవాడి ఉమ్మి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. తెమడలో రక్తం పడినా అది కిళ్ళీ రంగే అనుకుంటాడు, ఇంట్లోవాళ్ళూ అదే అనుకుంటారు. క్షయకు గానీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గానీ రక్తం పడటం ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆ హెచ్చరిక ఈ ఎరుపులో కలిసిపోతుంది. దగ్గు రెండు వారాలు దాటితే రంగుతో పనిలేకుండా తెమడ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. నమూనా ఇచ్చేముందు నోరు నీళ్ళతో బాగా పుక్కిలించి, లోతునుంచి దగ్గి ఇవ్వాలి. వక్క ముక్కలతో నిండిన నమూనా ల్యాబు వాళ్ళకు పనికిరాదు.

చట్టం సంగతి

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపువారికి పొగాకు వస్తువులు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు అమ్మకూడదు. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో నిబంధన వచ్చింది. దాని ఆధారంగా 2012లో మధ్యప్రదేశ్ మొదటగా గుట్కాను నిషేధించింది, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలో నడిచింది. వ్యాపారులు వెంటనే పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం చేసి పక్కపక్కనే వేలాడదీశారు. కొనేవాడు అరచేతిలో కలుపుకుంటే గుట్కా తయారు. ఇక పొగాకు లేని వక్కపొడికి, పాన్ మసాలాకు ఆ 2003 చట్టం వర్తించనే వర్తించదు. ఏడో తరగతి పిల్లవాడు హాస్టల్ గేటు బయట చిల్లర ఇచ్చి కొనుక్కోగలుగుతున్నది అందుకే. నా దృష్టిలో ఇది చట్టంలో మిగిలిపోయిన పెద్ద కన్నం. సున్నితమైన వాసనలు, మెరిసే కాగితాలు, ఏలకుల బొమ్మలు ఎవరికోసం వేస్తున్నారో చెప్పనక్కరలేదు.

మానాలనుకునేవారికి

వక్క ఒక్కటే నమిలేవారికి కూడా అలవాటు పట్టుకుంటుంది. మానిన మొదటి రోజుల్లో చిరాకు, నోట్లో ఏదో లేనట్టు వెలితి, నిద్రమత్తు ఉంటాయి. ఇది మీ బలహీనత కాదు, మెదడులోని గ్రాహకాలు అలవాటైన పదార్థాన్ని అడుగుతున్నాయంతే. సోంపు, లవంగం, ఉసిరి వరుగు లాంటివి నోటికి ఆసరా ఇస్తాయి. ఏ వేళల్లో చెయ్యి పొట్లం వైపు పోతోందో ఒక వారం నోటుబుక్కులో రాసుకుంటే సగం పని అయినట్టే. చాలామందికి అది అన్నం తిన్న వెంటనే, స్టడీ అవర్‌లో, బస్సు కోసం నిలబడినప్పుడు. పొగాకు కూడా కలిపి వాడేవారికి, అంటే గుట్కా, ఖైనీ, జర్దా అలవాటున్నవారికి, ప్రభుత్వ ఉచిత ఫోన్ సలహా కేంద్రం ఉంది. నంబరు 1800-11-2356. ఇంటి దగ్గర అమ్మానాన్నల కోసం కూడా మీరే చేసి మాట్లాడవచ్చు.

ఉబ్బసం ఉన్న మిత్రులు ఇన్‌హేలరును ట్రంకు పెట్టెలో తాళం వేసి పెట్టకండి, తలదిండు పక్కన ఉంచండి. అది ఎక్కడుందో పక్క మంచం వాడికి చూపించి పెట్టండి. రాత్రిపూట ఆయాసం వచ్చినప్పుడు తాళంచెవి వెతికే ఓపిక ఉండదు.